కుంచె పట్టుకున్నా, ముద్ద మానకూడదు: ఈటింగ్ డిజార్డర్లలో ఆర్ట్స్ థెరపీ

(ఎడిటర్‌కి: బరువు అంకెలు, సన్నటి శరీరాల ఫొటోలు ఈ వీడియోలో ఎక్కడా వాడొద్దు. జబ్బుతో ఉన్నవాళ్లు వాటితో తమను పోల్చుకుంటారు.)

(తెర మీద: బెంగళూరు, మారతహళ్లి. పీజీ మెస్‌లో సగం తిని వదిలేసిన కంచం.)

వాయిస్: పండక్కి ఇంటికొచ్చిన అమ్మాయిని గుమ్మంలోనే "లావయ్యావే" అనో, "చిక్కిపోయావేంటే" అనో పలకరిస్తాం. ఈ అలవాటు ఇకనైనా మానేద్దాం. తిండి తగ్గించేసిన పిల్లను "ఎందుకు తినవు?" అని అమ్మ అడుగుతుంది. జవాబు రాదు. అది మొండితనం కాదు. లావవుతామన్న భయంతో తిండి తగ్గించేసే అనొరెక్సియా, అతిగా తిని వాంతి లాంటి వాటితో దాన్ని పోగొట్టుకోవాలని చూసే బులీమియా, ఆపుకోలేక అతిగా తినేసే బింజ్ ఈటింగ్ లాంటి ఈటింగ్ డిజార్డర్లు, అంటే తిండితో ముడిపడిన మానసిక జబ్బులు ఉన్న చాలామందికి లోపల ఏమవుతోందో మాటల్లో పెట్టడమే కష్టం. మగపిల్లలకూ ఈ జబ్బులు వస్తాయి.

(తెర మీద: బంకమట్టి, రంగులు, పెద్ద కాగితం.)

వాయిస్: ఎక్స్‌ప్రెసివ్ ఆర్ట్స్ థెరపీ పని ఇక్కడే. బొమ్మ, మట్టి, పాట, కదలిక, రాత, నటన... ఒకదాన్నుంచి ఇంకోదానికి మారుతూ సాగుతుంది. బొమ్మ బాగుందా లేదా అని ఎవరూ చూడరు. థెరపిస్ట్ "ఆకలికి ఏ రంగు? తిన్నాక వచ్చే భయానికి ఏ రంగు?" అని అడగొచ్చు. "తినకు" అని లోపల పోరే గొంతును ఖాళీ కుర్చీలో కూర్చోబెట్టి, దానితో వాదించమనొచ్చు. ఆ గొంతు వేరు, తాను వేరు అని చాలామందికి అక్కడే మొదటిసారి తెలుస్తుంది. నాకు ఈ పద్ధతిలో అన్నిటికన్నా విలువైనది అదే.

ప్రతిదీ లెక్కగా ఉండాలని తపించే పిల్లకు తడి కాగితం మీద రంగులు వేయమంటే చేయి వణుకుతుంది. రంగు తన ఇష్టం వచ్చినట్టు పాకుతుంది. దాన్ని తుడిచేయకుండా కాసేపు చూస్తూ ఉండగలగడమే ఆ రోజు సాధన.

జాగ్రత్తలూ ఉన్నాయి. ఒంటి చుట్టూ గీత గీసి తన ఆకారం తాను చూసుకునే పద్ధతి తొందరపడి చేస్తే మనసు గాయపడుతుంది. డాన్స్ అయితే కేలరీలు కరిగించే సాకుగా మారొచ్చు. అందుకే డాక్టర్ సరే అన్నాకే కదలికలు.

(తెర మీద: గుండె కొట్టుకునే గ్రాఫ్.)

వాయిస్: ఇది అసలు వైద్యానికి బదులు కాదు. పదేపదే వాంతి చేసుకుంటే ఒంట్లో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పొచ్చు. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను నెలల తరబడి అర్ధాకలితో ఉంచి చూశారు. వాళ్లు దిగులుపడిపోయారు, రోజంతా తిండి గురించే ఆలోచించారు. కడుపు మాడుతుంటే ఏ థెరపీ అయినా సరిగా ఎక్కదు. ముందు తిండి, డాక్టర్. టీనేజ్ పిల్లలకు కుటుంబంతో కలిసి చేసే చికిత్సకు మంచి ఆధారాలున్నాయి. ఆర్ట్స్ థెరపీ మీద జరిగినవి ఎక్కువగా చిన్న అధ్యయనాలే. కాబట్టి దీన్ని తోడుగానే వాడాలి.

బెంగళూరులో మానసిక వైద్యానికి పేరున్న ప్రభుత్వ ఆసుపత్రి నిమ్హాన్స్ ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. కళ్లు తిరిగి పడిపోయినా, గుండె దడ వచ్చినా ఫోన్లతో ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. థెరపిస్ట్‌ను "ఈటింగ్ డిజార్డర్ల మీద పని చేశారా? మా డాక్టర్‌తో, డైటీషియన్‌తో మాట్లాడతారా?" అని మొహమాటం లేకుండా అడగండి.

అమ్మానాన్నలకు ఒక్క మాట. పిల్ల వేసిన బొమ్మను ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టకండి, మీరే అర్థం చెప్పేయకండి. "దీని గురించి చెప్పాలనుందా?" అని అడగండి. "లేదు" అంటే వదిలేసి, భోజనం వేళకు పక్కన కూర్చోండి.