పసిబిడ్డ సంరక్షణ ఖర్చు: ఎవరి వాటా ఎంత?

(హైదరాబాద్ స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, కొండాపూర్‌లో డే కేర్ నడుపుతున్న నిర్వాహకురాలు, కార్మిక చట్టాల న్యాయవాది, బోరబండ ప్రాంత అంగన్‌వాడీ టీచర్.)

యాంకర్: నమస్కారం. మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్‌లలో డే కేర్ బోర్డు లేని వీధి అరుదు. బోర్డు మీద బొమ్మలుంటాయి, ఫోన్ నంబరు ఉంటుంది, ఫీజు మాత్రం ఉండదు. ఈ దాపరికం నాకు నచ్చదని ముందే చెబుతున్నాను. అమ్మా, మీ అనుభవంతో మొదలుపెడదాం.

ఉద్యోగిని: మా పాపకు ఐదో నెల నడుస్తుండగానే నేను ఆఫీసుకు వెళ్లాల్సి వచ్చింది. సెలవు 26 వారాలు. అందులో ఎనిమిది కాన్పుకు ముందే వాడుకుంటే, తర్వాత మిగిలేది 18 వారాలు. అత్తగారు కరీంనగర్‌లో, అమ్మ నెల్లూరులో ఉంటారు. ఇద్దరికీ ఇక్కడికొచ్చి ఉండే వీలు లేదు. డే కేర్‌కు ఫోన్ చేస్తే నెలకు 16 వేలన్నారు. సరే అనుకున్నాం. చేరే రోజున అడ్మిషన్‌కు 20 వేలు, ఒక నెల ఫీజు డిపాజిట్, పరుపు, దుప్పట్లకు వేరుగా మరికొంత కట్టించుకున్నారు. డైపర్లు, పాలపొడి ఎలాగూ మావే. మొదటి నెల చెల్లించింది ఫోన్‌లో చెప్పిన మొత్తానికి మూడింతలు దాటింది. సాయంత్రం ఆరున్నర దాటితే ప్రతి అరగంటకు 150 రూపాయలు. వాన పడిన రోజు బయోడైవర్సిటీ కూడలి దాటి ఆ సమయానికి చేరడం ఎవరి తరం?

యాంకర్: నిర్వాహకురాలు గారూ, ఆ 16 వేలు ఎలా తేలుతుంది?

నిర్వాహకురాలు: ఫీజు ఎంతన్నది ఒక ఆయాకు ఎంతమంది పిల్లలు అన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. లెక్క కోసం ఆయా జీతం 15 వేలు అనుకోండి. ఏడాదిన్నరలోపు పిల్లలైతే నేను నలుగురికి ఒక ఆయాను పెడతాను. మేము పొద్దున ఎనిమిదిన్నర నుంచి రాత్రి ఏడున్నర వరకు, అంటే పదకొండు గంటలు తెరిచి ఉంచుతాం. ఒక మనిషి చేత నేను ఎనిమిది గంటలకు మించి పని చేయించను. కాబట్టి ఒక ఆయా చోటు నిండాలంటే ఒకటిన్నర మందికి కాస్త తక్కువ కావాలి. ఆ లెక్కన ఒక్కో పసిబిడ్డ మీద ఆయా ఖర్చే 5 వేలు దాటుతుంది. మూడేళ్లు నిండిన పిల్లలను పదిమందిని ఒకరు చూసుకోగలరు, అప్పుడు అదే ఖర్చు 2 వేల చిల్లర అవుతుంది. దీని మీద అద్దె, వంట, టీచరు జీతం, కరెంటు, కెమెరాలు. కొండాపూర్‌లో కింది అంతస్తు ఇల్లు, ఆడుకోవడానికి ముందు కాస్త ఖాళీ స్థలంతో దొరకాలంటే అద్దె ఎలా ఉంటుందో మీకు తెలుసు.

యాంకర్: అంటే తల్లి సెలవు అయిపోయే వయసు, బిడ్డ సంరక్షణ అన్నిటికంటే ఖరీదైన వయసు ఒకటే.

నిర్వాహకురాలు: అవునండీ. ఫీజు తగ్గించమంటే నాకున్న సులువైన దారి ఒకటే, నలుగురి చోట ఎనిమిది మందిని ఒక ఆయాకు అప్పగించడం. ఆ పని నేను చేయను. ఆలస్య రుసుము కూడా లాభం కోసం కాదు. ఆయమ్మ మియాపూర్ వెళ్లాలి, ఆమె పిల్లలు ఆమె కోసం చూస్తుంటారు.

యాంకర్: అది ఒప్పుకుంటాను. అడ్మిషన్ ఫీజు మాత్రం ఒప్పుకోలేను.

నిర్వాహకురాలు: ఇంటి యజమానికి మేము ఆరు నెలల అద్దె అడ్వాన్సు కట్టాలి. అది ఎక్కడి నుంచి తేవాలి?

యాంకర్: ఆ అడ్వాన్సు మీరు ఇల్లు ఖాళీ చేస్తే మీకు తిరిగి వస్తుంది. తల్లిదండ్రులు కట్టిన అడ్మిషన్ ఫీజు తిరిగి రాదు.

నిర్వాహకురాలు: (కాసేపాగి) ఆ మాట నిజమే. కనీసం కాగితం మీద వివరంగా రాసి, చేరకముందే ఇవ్వాలి. అది అందరం చేయగలిగిందే.

యాంకర్: చట్టం ఏమంటోంది, న్యాయవాది గారూ?

న్యాయవాది: ఫీజుల మీద ఈ రాష్ట్రంలో వాదన చాలానే జరిగింది. ప్రైవేటు బడుల ఫీజులను పరిశీలించడానికి 2017లో ప్రొఫెసర్ తిరుపతిరావు కమిటీ వేశారు. ఆ చర్చంతా బడుల చుట్టూనే తిరిగింది, ఏడాది బిడ్డ ఫీజు గురించి ఎవరూ పట్టించుకోలేదు. నేను అసలు గట్టిగా అడగాలనుకునేది యజమానుల వాటా గురించి. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలో శిశు సంరక్షణ కేంద్రం, అంటే క్రెష్, ఉండాలన్నారు. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ నిబంధన ఉంది. ఆ కేంద్రం ఖర్చు ఎవరు భరించాలో మాత్రం 2017 సవరణ తేల్చి చెప్పలేదు.

ఉద్యోగిని: మా సంస్థ ఒక డే కేర్‌తో ఒప్పందం పెట్టుకుంది. ఒప్పందం అంటే నెల ఫీజులో పది శాతం తగ్గింపు, అంతే. ఆ డే కేర్ మా ఆఫీసుకు ఆరు కిలోమీటర్ల దూరం. రోజుకు నాలుగుసార్లు ఎలా వెళ్లను?

న్యాయవాది: తగ్గింపు కూపన్ ఇచ్చి బాధ్యత తీరిందంటే కుదరదు. పలు సంస్థలు కలిసి ఉమ్మడి కేంద్రం పెట్టుకునే వీలును కూడా చట్టమే ఇచ్చింది. ఒకే ప్రాంగణంలో పది కంపెనీలున్న మాదాపూర్‌లో అది అసాధ్యమేమీ కాదు. కోకాపేటలో కడుతున్న భవనాల దగ్గరికి రండి, అక్కడికీ చట్టం చేశారు. 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న 1996 నిర్మాణ కార్మికుల చట్టం ప్రకారం 50 మందికి మించి మహిళలు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లలకు గది ఏర్పాటు చేయాల్సి ఉండేది. ఇసుక కుప్పల మీద ఆడుకునే పిల్లలను చూస్తే అలాంటి చట్టం ఒకటి చేశారని ఎవరైనా అనుకుంటారా?

యాంకర్: టీచరమ్మా, మీ దగ్గరికి వచ్చే తల్లులకు 16 వేలంటే నెల జీతం కంటే ఎక్కువేమో.

అంగన్‌వాడీ టీచర్: చాలామందికి అంతేనండీ. నాలుగు ఇళ్లలో పనిచేసే తల్లులు వాళ్లు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు మా కేంద్రానికి వస్తారు, ఇక్కడ ఏ ఫీజూ లేదు. మూడేళ్లలోపు వారికి బాలామృతం అనే పోషకాహార పొడి ఇంటికి ఇస్తాం, పగలు ఉంచుకోం. ఆ బిడ్డను ఎవరు చూస్తారు? తొమ్మిదేళ్ల అక్క. ఆ అమ్మాయి బడి మానేస్తుంది. ఆ ఇంట్లో ఫీజు కడుతున్నది ఆ పిల్లే.

యాంకర్: ఈ మాట ప్రభుత్వం వినాలి.

న్యాయవాది: ప్రభుత్వం దగ్గర మార్గం లేకపోలేదు. జాతీయ క్రెష్ పథకంలో ఆదాయాన్ని బట్టి రుసుము ఉండేది. దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబానికి నెలకు 20 రూపాయలు, తల్లిదండ్రుల నెల ఆదాయం 12 వేల వరకు ఉంటే 100, అంతకు మించితే 200. 2022 నుంచి కేంద్ర ప్రభుత్వ మహిళా పథకం మిషన్ శక్తి కింద పాల్నా పేరుతో, అంగన్‌వాడీలోనే క్రెష్ నడిపే ఏర్పాటు వచ్చింది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు, నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు. ఇలాంటివి ప్రతి బస్తీకీ రావాలి.

యాంకర్: టీచరమ్మా, మీ కేంద్రంలో అలా నడపగలరా?

అంగన్‌వాడీ టీచర్: నడుపుతాం. పసిపిల్లలను చూడటానికి వేరే వర్కర్‌ను, వేరే ఆయాను ఇవ్వాలి, వాళ్లకు బతకగలిగే జీతం ఇవ్వాలి. ఇప్పుడున్న టీచరు, ఆయా మీదే ఈ పని కూడా వేస్తే నలుగురు పసివాళ్లను కాదు, నలభై మందిని మా ఇద్దరమే చూడాల్సి వస్తుంది. ఇందాక ఆ మేడం తన దగ్గర చేయనన్న పనిని మా చేత చేయించకండి.