జిల్లేడు ఆకు తిప్పి చూడండి

నమస్కారం. సీతాకోకచిలుకను చూపిస్తానని పిలిచి జిల్లేడు పొద ముందు నిలబెట్టానేమిటి అనుకుంటున్నారా? రెక్కలొచ్చిన దాని వెంట పరిగెత్తితే ఆయాసమే మిగులుతుంది. ప్లెయిన్ టైగర్ అనే ఈ సీతాకోకచిలుక పుట్టిల్లు ఇదే. ఎండ బాగా తగిలే బీడు భూమి, రైలు కట్ట పక్క, ఊరి చివర ఖాళీ స్థలం... జిల్లేడు ఉన్నచోట వెతకండి.

ఆకు తుంచకుండా మెల్లగా పైకెత్తండి. పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం, కాబట్టి పని కాగానే చేతులు సబ్బుతో కడుక్కోండి. ఇదిగో, అడుగున గసగసాల గింజంత తెల్లటి గుడ్డు. తల్లి సాధారణంగా ఒక్కొక్కటిగానే పెడుతుంది. కొద్ది రోజుల్లో పిల్ల బయటికొచ్చి ముందుగా తన గుడ్డు పెంకునే తినేస్తుంది. రథసప్తమికి ఆకులు కోసేవారు కూడా ఒకసారి అడుగు చూసి కోయండి.

ఇప్పుడు ఈ పెద్ద గొంగళిపురుగును చూడండి. నలుపు తెలుపు పట్టీలు, మధ్యలో పసుపు మచ్చలు, వీపు మీద మూడు జతల నల్లటి కొమ్ములు. దాక్కునే ప్రయత్నమే లేదు! జిల్లేడు పాలు జిగురు కదా, చిన్న పురుగు నోరు అంటుకుపోతుంది. అందుకని ముందు ఈనె కొరికి పాలధారను తగ్గించి, ఆ తర్వాత ఆకు తింటుంది. పాలలోని విషం ఒంట్లో చేరి, రెక్కలొచ్చాక కూడా కాపలా కాస్తుంది. ఒకసారి రుచి చూసిన పక్షి మళ్లీ దీని జోలికి రావడం కష్టమే.

ఈ ప్లెయిన్ టైగర్ పేరు మీద బతికే దొంగ ఒకటుంది. డానాయిడ్ ఎగ్‌ఫ్లై అనే మరో జాతిలో ఆడది అచ్చం ఇదే వేషంలో తిరుగుతుంది. దాని పిల్లలు తినేది మనం పప్పులో వేసుకునే గంగవాయిలి కూర! ఇక విషం ఎక్కడిది?

నాలుగుసార్లు చర్మం విడిచి, దాదాపు రెండు వారాలకు పురుగు తలకిందులుగా వేలాడుతుంది. ఐదోసారి చర్మం విడిస్తే మిగిలేది ఈ నున్నటి ప్యూపా, అంటే పురుగు సీతాకోకచిలుకగా మారే దశ. దీన్ని గూడు అనకండి, దారంతో గూడు అల్లేది పట్టుపురుగు. లేత ఆకుపచ్చ మీద ఆ బంగారు చుక్కలు చూశారా?

పక్కనున్న ప్యూపాలోంచి నారింజ రంగు కనబడుతోంది, అంటే సమయం దగ్గరపడింది. కాసేపు ఆగుదాం.

వచ్చేసింది. రెక్కలు ముడతలుగా ఉన్నాయి, వేలాడుతూ ఆరబెట్టుకోవాలి. సాయం చేద్దామని ముట్టుకోకండి. వెనక రెక్క మధ్యలో నల్ల చుక్కలు లెక్కపెట్టండి. మూడుంటే ఆడది. ఒకటి, రెండు, మూడు... నాలుగు. మగది!