క్విక్ హిచ్ కొనేముందు టేపు తీయండి

అందరికీ నమస్కారం. ట్రాక్టర్ ఓనర్లు, డ్రైవర్లు, వెల్డింగ్ షాపువాళ్లు ఈరోజు ఒకేచోట కూర్చున్నారు. అదే కావాలి. క్విక్ హిచ్, అంటే సీట్లోంచే పనిముట్టును ట్రాక్టరుకి తగిలించుకునే ఫ్రేము, ఈ ముగ్గురూ కలిస్తేనే కుదిరే పని.

తొలకరి పడిందంటే పొద్దున తొమ్మిది పళ్ల కల్టివేటర్, మధ్యాహ్నం రోటవేటర్, మర్నాడు మళ్లీ ఇంకొకటి. మార్చిన ప్రతిసారీ ఒకరు సీట్లో, ఒకరు కింద. కిందున్నవాడు లోయర్ లింకును (ట్రాక్టర్ వెనక కింద ఉండే రెండు చేతుల్లో ఒకదాన్ని) కాలితో నెడుతూ, పనిముట్టును గడ్డపారతో లేపుతూ, "ఇంకొంచెం వెనక్కి, ఆగాగు" అని కేకలేస్తూ ఉంటాడు. వేళ్లు నలిగేది అక్కడే. పెద్ద టైరుకీ రోటవేటరుకీ నడుమ మనిషి ఉండగా డ్రైవరు కాలు క్లచ్ మీంచి జారితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. క్విక్ హిచ్ చేసే అసలు మేలు ఆ మనిషిని ఆ సందులోంచి తప్పించడం. టైం కలిసిరావడం దాని తర్వాతి సంగతి.

వస్తువు చూస్తే చాలా సాదా. తిరగేసిన 'యు' ఆకారంలో ఒక గట్టి ఫ్రేము. కింద రెండు కొక్కేలు, పైన మధ్యలో ఒక కొక్కెం, మూడింటి నోళ్లూ పైకే ఉంటాయి. ఈ ఫ్రేమును ట్రాక్టర్ మూడు లింకులకూ (కింద రెండు లోయర్ లింకులు, పైన ఒక టాప్ లింక్) బిగించేస్తాం. తర్వాత సీట్లోంచి దిగకుండా వెనక్కి వెళ్లి, హైడ్రాలిక్ లేపితే పనిముట్టు పిన్నులు మూడూ కొక్కేల్లో కూర్చుంటాయి, కింది లాచ్‌లు పడతాయి. మూడు కోణాల 'ఏ' ఫ్రేము రకం కూడా ఉంది. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ పెట్టిన 11001 ప్రమాణంలో దానికి వేరే భాగమే ఉంది. ఈరోజు మాట 'యు' ఫ్రేము వరకే.

ఇంజనీరు హ్యారీ ఫెర్గూసన్ మూడు పాయింట్ల లింకేజీ 1939లో ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టరు మీద వచ్చాక ప్రపంచమంతా దాన్నే పట్టుకుంది. ఆ లింకేజీలో లింకులు ఊగుతాయి, బాల్ తిరుగుతుంది, టాప్ లింక్ మర తిప్పితే పొడుగూ పొట్టీ అవుతుంది. పనిముట్టు కొలత కాస్త అటూఇటూ ఉన్నా లింకులు సర్దుకుపోతాయి. క్విక్ హిచ్ సర్దుకోదు. మూడు కొక్కేలూ ఒకే ఇనుములో బిగిసి ఉన్నాయి. అందుకే ఇది ట్రాక్టరుకి బిగించే సామాను అనుకుంటే పొరపాటు. ఫ్రేము బిగించడం అరగంట పని. షెడ్డులో ఉన్న పనిముట్లన్నిటినీ ఒకే కొలతకి తేవడమే అసలు పని. కొనేముందు టేపు, వెర్నియర్ తీసుకుని షెడ్డులోకి వెళ్లండి.

ఏమేం కొలవాలి? మొదట పిన్నుల మందం. కేటగిరీ అంటే ఈ కొలతలను బట్టి పెట్టిన తరగతి. కేటగిరీ 1 పనిముట్టుకి కింది పిన్ను 22 మి.మీ., పై పిన్ను 19 మి.మీ. కేటగిరీ 2కి కింది పిన్ను 28, పైది 25. తర్వాత కింది పిన్నుల భుజాల మధ్య దూరం. భుజం అంటే పిన్ను మొదట్లో లావుగా ఉండే అంచు. ఈ దూరం కేటగిరీ 1కి 683 మి.మీ., కేటగిరీ 2కి 825. ఒక షెడ్డులోనే రెండు కేటగిరీలూ ఉంటే ఒక ఫ్రేము అన్నిటికీ సరిపోదు. ఎక్కువ పనిముట్లు ఏ కేటగిరీవో ఆ ఫ్రేము తీసుకుని, మిగతావాటి పిన్నులు మార్పించాలి.

మూడో కొలత దగ్గరే అందరూ దెబ్బతింటారు. కింది పిన్నుల మధ్యగీత నుంచి పై పిన్ను మధ్యకి నిలువు ఎత్తు. ఐఎస్ఓ 730 ప్రకారం మామూలు పనిముట్టుకి ఈ ఎత్తు కేటగిరీ 1లో 460 మి.మీ., కేటగిరీ 2లో 610. క్విక్ హిచ్ పై కొక్కెం మాత్రం ఈ రెండు కేటగిరీలకీ 15 అంగుళాల ఎత్తులో, అంటే 381 మి.మీ. దగ్గర ఉంటుంది. అంటే ప్రమాణం ప్రకారం చక్కగా తయారైన పనిముట్టు కూడా క్విక్ హిచ్‌కి నేరుగా తగలకపోవచ్చు. మాస్టుకి, అంటే పనిముట్టు మీద పై పిన్ను ఉండే నిలువు చట్రానికి, కింద ఇంకో బెజ్జం ఉంటే అదృష్టం. లేకపోతే బ్రాకెట్ కట్టాలి. పై కొక్కెం ఎత్తు మార్చుకునే ఫ్రేములు కూడా దొరుకుతాయి. పాత పనిముట్లు ఎక్కువున్నవాళ్లు నాలుగు డబ్బులు ఎక్కువైనా అదే తీసుకోవడం మేలు.

ఎత్తు సరిపోతే చాలదు. పై పిన్ను కింది పిన్నులకి నిట్టనిలువుగా పైనే ఉండాలి. అది రెండు మూడు అంగుళాలు వెనక్కి ఉంటే పై కొక్కెం అందుకునేలోపే కింది కొక్కేలు పిన్నుల్ని దాటి వెనక్కి పోతాయి. టాప్ లింక్ ఎంత తిప్పినా కుదరదు.

వెల్డింగ్ షాపువాళ్లు ఇక్కడ కాస్త చెవిపెట్టండి. పై పిన్ను కిందికి దిగితే దాని మీద పడే బలం పెరుగుతుంది. పనిముట్టు బరువు వెనక్కి వాలుతుంటే దాన్ని పట్టి ఉంచేది పై పిన్నే. 460 నుంచి 381కి దిగితే ఆ లాగుడు 1.2 రెట్లు అవుతుంది. 610 నుంచి దిగితే 1.6 రెట్లు. ఉన్న మాస్టు చెవులకి (పై పిన్ను దూర్చే రెండు పలకలకి) పలుచటి పట్టీ ముక్క అతికించి పంపితే మొదటి గట్టు ఎక్కేటప్పుడే చీలుతుంది. 12 మి.మీ.కి తగ్గని ప్లేటు వాడండి, చెవుల లోపలా బయటా వెల్డింగ్ ఇవ్వండి, మాస్టు నుంచి ఫ్రేముకి ఒక ఊతం కట్టండి. రోటవేటరుకి వెల్డింగ్ చేసేటప్పుడు ఎర్త్ క్లాంపు అతికించే చోటు పక్కనే పెట్టాలి. దూరంగా గేరుబాక్సు అవతల పెడితే కరెంటు బేరింగుల్లోంచి పోయి వాటిని కాలుస్తుంది. పనిముట్టు ట్రాక్టరుకి తగిలించి ఉంటే ముందు బ్యాటరీ వైరు ఊడదీయండి.

ఇక బుష్షులు, అంటే పిన్ను మీద తొడిగే ఇనుప గొట్టాలు. ఇవి చిన్నవే గానీ ఇవి లేకపోతే మొత్తం పని దండగ. కొక్కెం నోరు పిన్ను కంటే వెడల్పు. ఆ ఖాళీని నింపడానికి కింది పిన్నులకి బయటి మందం 36.5 మి.మీ. ఉన్న బుష్షు, పై పిన్నుకి 31.8 మి.మీ. ఉన్న బుష్షు తొడగాలి. లోపలి బెజ్జం మన పిన్నుకి తగ్గట్టు తీసుకోవాలి. బుష్షు లేకుండా తగిలించినా లాచ్ పడుతుంది, పనిముట్టు లేస్తుంది, అందుకే చాలామంది వదిలేస్తారు. పొలంలోకి దిగాక అడుగడుక్కీ ఠక్ ఠక్ మని కొట్టుకుంటూ నాలుగు రోజుల్లో కొక్కెం అడుగు గుంటపడుతుంది, పిన్ను కోసుకుపోతుంది. ప్రతి పనిముట్టుకీ మూడు బుష్షులు విడిగా కొని, దానికే ఉంచేయండి. ఒకదాన్నుంచి తీసి ఇంకోదానికి తొడగాలంటే మళ్లీ పాత తిప్పలే. కింది బుష్షులు జారకుండా బయట లించ్ పిన్ను (పిన్ను చివర బెజ్జంలో వేసే అడ్డ పిన్ను) తప్పనిసరి. పై బుష్షు మాస్టు చెవుల మధ్యలో ఉంటుంది. కొక్కెం మందానికి ఆ సందు చాలుతుందో లేదో ముందే చూసుకోండి.

ఫ్రేమును ట్రాక్టరుకి బిగించడం తేలికే. లోయర్ లింక్ బాల్స్ ఫ్రేము పిన్నులకి, టాప్ లింక్ పై లగ్గుకి, లించ్ పిన్నులన్నీ వేసి, చదును నేల మీద నిలబెట్టి చూడండి. ఒక పక్క వాలితే కుడి లిఫ్ట్ రాడ్ (లోయర్ లింకును పైకి లేపే కడ్డీ) తిప్పి సమం చేయండి. చెక్ చైన్లు (లోయర్ లింకులు పక్కలకి ఊగకుండా పట్టే గొలుసులు) రెండు పక్కలా అంగుళం కంటే ఎక్కువ ఊగకుండా బిగించండి. చైన్ వదులైతే వెనక్కి వెళ్లేటప్పుడు ఫ్రేము పక్కకి జారి, ఒక కొక్కెం తగిలి ఇంకోటి తగలదు. టాప్ లింక్ పొడవు ఫ్రేము నిలువుగా నిలిచేట్టు పెట్టుకుని, ఆ మర మీద పెయింటు గీత పెట్టండి. డ్రైవరు మారినా గీత మారదు.

తగిలించేటప్పుడు ఫ్రేమును దించి, నిదానంగా వెనక్కి వెళ్లి, పై కొక్కెం పై పిన్ను కిందికి రాగానే ఆగి లేపండి. లాచ్‌లు రెండూ పడిన చప్పుడు వినిపించాలి. అయినా చప్పుడుని నమ్మకండి. నేల నుంచి అరడుగు లేపి ఆపి, దిగి రెండు పక్కలా కళ్లతో చూడండి. నల్లరేగడిలో, దమ్ము మళ్లలో బురద కొక్కెం అడుగున గట్టిపడి ఉంటుంది. పిన్ను దాని మీద కూర్చుంటుంది, లాచ్ సగమే మూసుకుంటుంది. పైకి అంతా బాగానే కనిపిస్తుంది. రోడ్డు మీద గుంటలో పడగానే ఒక పక్క ఊడుతుంది. ఆ బురదను పుల్లతో గోకండి, వేలు పెట్టకండి. లాచ్ స్ప్రింగుకి వారానికోసారి కాస్త ఆయిలు చాలు.

ఇంజను తిప్పుడును పనిముట్టుకి అందించే పిటిఓ షాఫ్టు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఫ్రేము వల్ల పనిముట్టు సుమారు 10 సెం.మీ. వెనక్కి పోతుంది. మీ ఫ్రేములో ఎంతో టేపుతో చూడండి. ఆ మేరకి షాఫ్టులో లోపలి గొట్టం బయటికి వస్తుంది. పనిలో ఉన్నప్పుడు రెండు గొట్టాలూ కనీసం మూడోవంతు ఒకదాన్లో ఒకటి ఉండాలి. రోటవేటర్ కొన్నప్పుడే షాఫ్టును ఆ ట్రాక్టరుకి తగ్గట్టు కోయించి ఉంటే ఇప్పుడది పొట్టిదవుతుంది. నిమిషానికి 540 తిరుగుళ్ల మీద గొట్టాల పట్టు చాలకపోతే అంచు దగ్గర వంగి, తర్వాత ఊడి వచ్చి కొడుతుంది. ఇంజను ఆపి, గార్డు తీసి, పనిముట్టు కింద ఉన్నప్పుడూ పూర్తిగా లేపినప్పుడూ రెండుసార్లూ కొలవండి. అతి పొట్టిగా అయ్యే చోట కూడా గొట్టం అడుగుకి కొట్టుకోకుండా అంగుళం నుంచి రెండంగుళాల ఖాళీ ఉండాలి. చూడడం అయ్యాక గార్డు మళ్లీ తొడగకుండా నడపొద్దు. షాఫ్టు మాత్రం ఇప్పటికీ చేత్తోనే తగిలించాలి. ఆ పనికి కిందికి దిగేముందు ఇంజను ఆపి తాళం జేబులో వేసుకోండి. తీసేటప్పుడు ముందు షాఫ్టు, హైడ్రాలిక్ పైపులు, తర్వాతే లాచ్‌లు. షాఫ్టు మరిచిపోయి బండి ముందుకి పోనిస్తే గార్డు చైన్లు తెగుతాయి, గొట్టాలు ఊడి కిందపడతాయి.

వెనక్కి పోయిన ఆ 10 సెం.మీ. బరువులో కూడా తెలుస్తుంది. ఒక లెక్క వేద్దాం. రోటవేటర్ 450 కిలోలు, దాని బరువు కేంద్రం వెనక ఇరుసు నుంచి మీటరున్నర దూరం, ట్రాక్టర్ రెండు ఇరుసుల మధ్య 2 మీటర్లు అనుకోండి. ముందు చక్రాల మీద తగ్గే బరువు సుమారు 337 కిలోలు. క్విక్ హిచ్ పెట్టాక ఆ దూరం 1.6 మీటర్లు, ఫ్రేము బరువు ఇంకో 60 కిలోలు, అది ఇరుసు నుంచి మీటరుకి కాస్త తక్కువ దూరంలో ఉంటుందనుకోండి. ఇప్పుడు తగ్గేది 388 కిలోలు. అంటే ఇంకో 50 కిలోలు తేలిక. గట్టు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేచి స్టీరింగు పనిచేయకపోవడం ఇలాగే మొదలవుతుంది. ట్రాక్టర్ ముందు భాగానికి అంత బరువు కట్టండి. ఇదివరకే లిఫ్టుకి భారంగా ఉన్న పనిముట్టయితే దాన్ని క్విక్ హిచ్ మీద వేయకండి.

ట్రాలీ సంగతి కూడా అడుగుతారు. మన దగ్గర ట్రాక్టరు సగం రోజులు ట్రాలీకే. ఫ్రేము ఉండగా ట్రాలీ తగిలించి మలుపు తిరిగితే ట్రాలీ దూలం ఫ్రేముకి తగలొచ్చు. ట్రాలీ పని ఉన్న రోజు ఫ్రేము విప్పి పక్కన పెట్టండి, విప్పేది మూడు పిన్నులే. దాన్ని గోడకి ఆనించి వదలకండి, పిల్లల మీద పడుతుంది. ఒక చిన్న స్టాండు చేయించండి.

ఒక రోటవేటరే ఉండి సీజనంతా దాన్నే నడిపేవాళ్లకి ఇది అక్కర్లేదు, ఆ డబ్బు మంచి షాఫ్టు గార్డుకి పెట్టండి. నాలుగైదు పనిముట్లు రోజూ మార్చే అద్దె కేంద్రాలకి, ఒంటిచేత్తో పని చేసుకునే రైతుకి మాత్రం తప్పక పెట్టించమంటాను. బయట కల్టివేటరూ ఫ్రేమూ సిద్ధంగా ఉన్నాయి. టేపు పట్టుకుని రండి, ముందు ఆ మాస్టు ఎత్తు కొలుద్దాం.