ఒకే కంపెనీ రెండుసార్లు డబ్బు పెట్టిన ఆల్బమ్: విల్కో ‘యాంకీ హోటల్ ఫాక్స్‌ట్రాట్’

[నల్లటి స్క్రీన్. షార్ట్‌వేవ్ రేడియో గరగర. మెల్లగా పాత ట్రాన్సిస్టర్ కనిపిస్తుంది.]

రేడియో ముల్లు తిప్పుతూ సిలోన్ స్టేషన్ కోసం వెతికిన వాళ్లకు ఈ గరగర బాగా తెలుసు. ఈ శబ్దంలోంచి ఒక ఆడగొంతు వస్తుంది. భావం లేకుండా మూడే మూడు మాటలు పదే పదే చదువుతుంది. యాంకీ. హోటల్. ఫాక్స్‌ట్రాట్.

ఇవి వై, హెచ్, ఎఫ్ అక్షరాలకు పైలట్లు, సైన్యం వాడే పేర్లు. ఇలాంటి ప్రసారాలను నంబర్ స్టేషన్లు అంటారు. గూఢచారులకు సందేశాలు పంపే పద్ధతి ఇదని చెబుతారు. 1997లో ఇర్డియల్ అనే బ్రిటిష్ సంస్థ ఈ రికార్డింగులను ‘ది కానెట్ ప్రాజెక్ట్’ పేరుతో నాలుగు సీడీలుగా తెచ్చింది. అవి షికాగోలో ఉండే జెఫ్ ట్వీడీ చేతికి వచ్చాయి. తన బ్యాండ్ విల్కో చేస్తున్న నాలుగో ఆల్బమ్‌కు ఆ మూడు మాటలే పేరయ్యాయి.

[ఆల్బమ్ కవర్: మొక్కజొన్న కంకుల్లాంటి రెండు టవర్లు.]

ఈ టవర్లు షికాగోలోని మెరీనా సిటీవి.

విల్కో 1994లో మొదలైంది. మొదట్లో వాళ్లది కంట్రీ సంగీతం కలిసిన రాక్. ఈ ఆల్బమ్ కోసం ‘ది లాఫ్ట్’ అనే తమ సొంత స్టూడియోలో నెలల తరబడి పనిచేశారు. డ్రమ్మర్ మారాడు, గ్లెన్ కోచీ వచ్చాడు. ఒక్కో పాటను ఎన్నో రకాలుగా రికార్డు చేశారు. మిక్సింగ్‌కు, అంటే విడివిడిగా రికార్డు చేసినవన్నీ కలిపి పాటగా కుదిర్చే పనికి, సంగీతకారుడు జిమ్ ఓరూర్క్‌ను పిలిచారు. ఆయన కొత్తవి చేర్చడం కంటే ఉన్నవి తీసేయడం మీదే ఎక్కువ దృష్టి పెట్టాడు. అందుకే ఈ పాటల్లో అంత ఖాళీ వినిపిస్తుంది. గిటార్ ఆగిపోయినా వెనక ఏదో సన్నగా మోగుతూనే ఉంటుంది. నాకు ఈ ఆల్బమ్‌లో అన్నిటికంటే ఇష్టమైంది ఆ ఖాళీయే.

కానీ ఆ పని మధ్యలో ఒక స్నేహం చెడింది. ట్వీడీతో కలిసి చాలా పాటలు రాసిన జే బెన్నెట్ 2001లో, ఆల్బమ్ పూర్తయ్యాక, బ్యాండ్‌కు దూరమయ్యాడు. 2009లో చనిపోయాడు. ఈ ఆల్బమ్ గురించి మాట్లాడి ఆయన పేరు వదిలేస్తే అన్యాయం.

[క్యాలెండర్: 2001 జూన్.]

ఇప్పుడు అసలు కథ. విల్కో లేబుల్, అంటే వాళ్ల ఆల్బమ్‌లు విడుదల చేసే కంపెనీ, రిప్రైజ్. అది వార్నర్ కంపెనీలో భాగం. ఆ జనవరిలోనే ఇంటర్నెట్ కంపెనీ ఏఓఎల్, వార్నర్ యజమాని టైమ్ వార్నర్ ఒకటయ్యాయి. ఉద్యోగాలు పోతున్నాయి, పైవాళ్లు మారిపోతున్నారు. రిప్రైజ్ అధ్యక్షుడు హోవీ క్లైన్ కూడా వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లు ఆల్బమ్ విని, ఇది రిలీజ్ చేయలేం అన్నారు.

మన దగ్గర సినిమా పాటల హక్కులు ఆడియో కంపెనీ చేతిలో ఉన్నట్టే, అక్కడ అసలు రికార్డింగు, అంటే మాస్టర్, లేబుల్‌ది. పాటలు నీవే అయినా లేబుల్ ఒప్పుకోకపోతే బయటికి రావు. విల్కో యాభై వేల డాలర్లకు మాస్టర్‌ను కొనుక్కుంటామని బేరమాడింది. చివరికి రిప్రైజ్ ఉచితంగానే ఇచ్చేసింది.

ఆల్బమ్ చేతికొచ్చింది. అమ్మే కంపెనీ మాత్రం లేదు. అప్పటికే పాటలు ఇంటర్నెట్‌లో లీకై తిరుగుతున్నాయి. ఇంకో బ్యాండ్ అయితే లాయర్‌ని పెట్టుకునేదేమో. వీళ్లు 2001 సెప్టెంబర్ 18న ఆల్బమ్ మొత్తాన్ని తమ వెబ్‌సైట్‌లో పెట్టేశారు. ఎవరైనా ఉచితంగా వినొచ్చు. అప్పటికి యూట్యూబ్ లేదు, అది 2005లో వచ్చింది. చాలా ఇళ్లలో ఫోన్ లైన్ మీద నడిచే నెట్టే. ఆ వేగంతోనే జనం ఓపిగ్గా విన్నారు. ఆ తర్వాత విల్కో టూర్‌కి వెళ్తే, ఇంకా మార్కెట్‌లోకి రాని పాటలను ప్రేక్షకులు కలిసి పాడారు!

[రెండు లోగోలు పక్కపక్కన: రిప్రైజ్, నాన్‌సచ్.]

నవంబర్‌లో నాన్‌సచ్ అనే లేబుల్ ఒప్పందం చేసుకుంది. ఆ నాన్‌సచ్ కూడా ఏఓఎల్ టైమ్ వార్నర్‌దే! రికార్డింగుకి ఒకసారి డబ్బు పెట్టి, వద్దని ఇచ్చేసి, అదే ఆల్బమ్‌కి ఆ సంస్థ మళ్లీ డబ్బు పెట్టింది. 2002 ఏప్రిల్ 23న సీడీ దుకాణాల్లోకి వచ్చింది. పదకొండు పాటలు, దాదాపు 52 నిమిషాలు.

ఏడు నెలలుగా ఉచితంగా దొరికింది కదా, ఇక ఎవరు కొంటారు? మొదటి వారంలోనే సుమారు 56 వేల కాపీలు అమ్ముడయ్యాయి. బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్టులో 13వ స్థానం. అంతకుముందు ఆల్బమ్ 78 దాటి పైకి రాలేదు. ముందే విన్నవాళ్లే వెళ్లి కొన్నారని నా నమ్మకం. శామ్ జోన్స్ ఇదంతా దగ్గరుండి బ్లాక్ అండ్ వైట్‌లో చిత్రీకరించాడు. ఆ డాక్యుమెంటరీ కూడా అదే ఏడాది విడుదలైంది.

[కవర్ మళ్లీ. సంగీతం ఆగుతుంది.]

ఇంకో విషయం. ఆల్బమ్‌కి మొదట అనుకున్న రిలీజ్ తేదీ 2001 సెప్టెంబర్ 11, న్యూయార్క్‌లో జంట టవర్ల మీద దాడులు జరిగిన రోజు. కవర్ మీద రెండు టవర్లు. ఒక పాటలో ఎత్తైన భవనాలు వణకడం గురించి ఒక లైన్ ఉంది. ఆ పాట దాడులకు ముందే పూర్తయింది. అయినా ఆ వారం తర్వాత తొలిసారి విన్న అమెరికన్లకు అది కేవలం పాటలా వినిపించి ఉండదు.

ఆ రేడియో గొంతుకు కూడా ఒక లెక్క మిగిలింది. అనుమతి లేకుండా వాడారని ఇర్డియల్ కేసు వేసింది. కోర్టు బయట రాజీ కుదిరింది. 2022లో వచ్చిన ఇరవై ఏళ్ల ప్రత్యేక సంచికకు మరుసటి ఏడాది గ్రామీ దక్కింది. అందులో పాటల పాత రూపాలు చాలా ఉన్నాయి. కానీ ముందు అసలు ఆల్బమ్ వినండి, పాటల వరుస మార్చకుండా, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. పదో పాట చివర్లో శబ్దం పెరిగి పెరిగి గిటార్లన్నీ మునిగిపోతుంటే, ఆ గొంతు వస్తుంది.

[గరగర. ఆడగొంతు మూడు మాటలు. స్క్రీన్ నల్లబడుతుంది.]