ఎక్కుడు దిగుడు లేని తొవ్వ: ఎస్సారెస్పీ కాలువ కట్ట, ఆకేరు, కాళేశ్వరం నడక రివ్యూ

నమస్తే అండి. ఇప్పుడు మీరు చూస్తున్నది వరంగల్ దగ్గర హసన్‌పర్తి వైపు ఎస్సారెస్పీ కాలువ. టైం పొద్దున ఆరుంపావు. ఫిబ్రవరి నెల. యాసంగికి నీళ్లు వదిలారు, కాలువ నిండుగా పారుతోంది. నా ముందు నడుస్తున్నది మా చిన్నమ్మ. వయసు 58, రెండు మోకాళ్లూ నొప్పులే. గుట్ట ఎక్కడం ఆమె వల్ల కాదు, మెట్లు చూసినా భయపడుతుంది. "నడవాలని ఉన్నది బిడ్డా, ఎక్కుడు దిగుడు లేని తొవ్వ చూడు" అంది. ఆ మాట పట్టుకుని మూడు ఆదివారాలు మూడు చోట్ల నడిచాం. ఆ మూడింటి సంగతే ఈ వీడియో.

మన దగ్గర ట్రెక్కింగ్ అనగానే అందరూ పాండవుల గుట్టల పేరే చెప్తారు. అవి బాగుంటాయి, కాదనను. కానీ మోకాళ్లు సహకరించని వాళ్లు, గుండె ఆపరేషన్ అయిన వాళ్లు, చిన్న పిల్లలతో వచ్చే వాళ్లు ఎక్కడ నడవాలి? వాళ్ల కోసం కూడా ఎవరో ఒకరు తొవ్వలు వెతకాలి కదా.

ముందు కాలువ. ఇది కాకతీయ కాలువ, మనం ఎస్సారెస్పీ కాలువ అంటాం. పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ ప్రాజెక్టు, అంటే ఎస్సారెస్పీ నుంచి మొదలై కరీంనగర్, వరంగల్ మీదుగా ఖమ్మం వైపు పోతుంది. మొత్తం పొడవు 284 కిలోమీటర్లు. కాలువ కట్ట ఇంత చదునుగా ఎందుకుంటుందో ఒక లెక్క చెప్తాను. శ్రీరాంసాగర్ పూర్తి నీటిమట్టం 1091 అడుగులు. కరీంనగర్ దగ్గర లోయర్ మానేరు డ్యాంది 920. రెండింటి మధ్య కాలువ 146 కిలోమీటర్లు. అంత దూరానికి మట్టాల్లో తేడా 171 అడుగులే! కిలోమీటరుకు అడుగున్నర కూడా రాదు. మోటారు లేకుండా నీళ్లు వాటంతట అవే అంత దూరం పారాలంటే వాలు అంత సన్నగా ఉండాలి. అందుకే కాలువ అంతటా సూటిగా పోదు. గుట్ట అడ్డం వస్తే దాన్ని చుట్టుకుని, పల్లం వస్తే కట్ట పోసుకుని పోతుంది. మనం ఆ కట్ట మీద నడుస్తుంటే ఎక్కినట్టూ ఉండదు, దిగినట్టూ ఉండదు. చిన్నమ్మ మొదటి కిలోమీటరు దాకా మోకాలు మీద చెయ్యి పెట్టుకునే నడిచింది. తర్వాత ఆ చెయ్యి ఎప్పుడు తీసిందో నేను చూడలేదు. వీడియో ఎడిట్ చేస్తుంటే తెలిసింది.

ఒకవైపు నీళ్లు, ఇంకోవైపు కట్ట కింద యాసంగి నాట్లు. మధ్యమధ్యలో మక్క చేన్లు. ఒకచోట కల్లంలో మిర్చి ఆరబోశారు, పొద్దటి ఎండకు ఆ ఎరుపు చూడండి. ఆ లావు కాయలు చపాటా మిర్చి. వరంగల్ చపాటాకు 2025లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కల్లం దగ్గర అక్కలు మమ్మల్ని ఆపి మరీ మాట్లాడారు. "ఎటు పోతున్రు?" అని అడిగితే "ఎటూ లేదక్కా, ఊకనే నడుస్తున్నం" అన్నాం. వాళ్లకు విచిత్రంగా అనిపించింది. అయినా చెంబుతో మంచినీళ్లు ఇచ్చారు.

కరెంటు తీగ మీద పాలపిట్ట కనిపించింది. చిన్నమ్మ వెంటనే దండం పెట్టుకుంది. దసరా నాడు పాలపిట్టను చూడటానికి ఊరి బయటికి పోతాం కదా, ఇక్కడ ఒక్క పొద్దుటే నాలుగు చూశాం. తూముల దగ్గర లకుముకి పిట్టలు, పొలాల్లో నత్తగుళ్ల కొంగలు ఉన్నాయి. సర్కారు తుమ్మ కొమ్మలకు పోయిన వానకాలం నాటి గిజిగాడి గూళ్లు ఇంకా వేలాడుతున్నాయి, అన్నీ ఖాళీవే.

ఇప్పుడు చెప్పేది దయచేసి స్కిప్ చేయకండి. ఒక మోదుగ పువ్వు మా ముందే కాలువలో పడింది. మేం మామూలుగా నడుస్తున్నాం. చూస్తుండగానే అది మమ్మల్ని దాటి వెళ్లిపోయింది. పైకి చూస్తే నీళ్లు కదలనట్టే ఉంటాయి, లోపల అంత వడి ఉంటుంది. కాలువ లోపలి వైపు వాలుగా సిమెంటు లైనింగ్ ఉంటుంది. నీళ్లు తగిలే చోట పాకురు పడుతుంది. అక్కడ కాలు జారితే, ఈత వచ్చిన మనిషికి కూడా పైకి రావడానికి పట్టు దొరకదు. మోటారు సైకిల్ మీద వెళ్తున్న ఒక పెద్దాయన, నేను కెమెరా పట్టుకుని అంచుకు పోతుంటే బండి ఆపి కేకేశాడు. "బిడ్డా, ఒడ్డుకు పోకు! సిమెంటు మీద పాకురు పట్టింది. జారితే పట్టుకునేటందుకు గడ్డిపోస గూడ దొరకది." నేను వెనక్కి వచ్చేదాకా ఆయన బండి స్టార్ట్ చేయలేదు. ఆయనకు ఈ వీడియోలో మళ్లీ దండం పెడుతున్నాను. కాబట్టి కాళ్లు కడుక్కోవడం, సెల్ఫీలు, పిల్లల్ని నీళ్ల దగ్గర వదలడం అసలే వద్దు. నీళ్లకు దూరంగా, పొలాల వైపు అంచునే నడవండి. చేతులు కడుక్కోవాలంటే బాటిల్ నీళ్లు చాలు.

మైనస్‌లు కూడా చెప్పాలి. నీడ చాలా తక్కువ, తొమ్మిది దాటితే కట్ట మీద ఎండ మొహానికి కొడుతుంది. ఒకచోట సర్కారు తుమ్మ దారి మొత్తం మూసేసింది, కిందికి దిగి పొలం గట్టు మీదుగా వచ్చాం. ఆ దిగడం ఒక్కటే చిన్నమ్మకు కష్టమైంది. ఇంకో మాట. ఈ కట్ట రైతులు పనికి పోయే తొవ్వ. ట్రాక్టర్ వస్తే మనమే పక్కకు జరగాలి. షట్టర్లు, తూముల మీద చెయ్యి వేయొద్దు, కింద ఎవరి మడికో నీళ్లు వంతు ప్రకారం పోతుంటాయి. వెళ్లి రావడం కలిపి 9 కిలోమీటర్లు నడిచాం, ఆగి ఆగి రెండున్నర గంటలు పట్టింది. పదికి ఎనిమిది ఇస్తాను.

రెండోది వర్ధన్నపేట వైపు ఆకేరు వాగు. నేను చాలా ఆశ పెట్టుకున్న చోటు ఇదే. వాగు ఒడ్డున తాటి చెట్లు, ఈత చెట్లు, నీడ బాగుంటుంది. చెక్ డ్యాం దగ్గర నీళ్లు నిలిచి, పొద్దున పూట చల్లగా ఉంటుంది. కానీ తొవ్వ తెగిపోతూ ఉంటుంది. ఇసుక ట్రాక్టర్లు తిరిగి ఒడ్డు గుంతలు గుంతలుగా అయింది, చిన్నమ్మ రెండు కిలోమీటర్లకే కూర్చుంది. ఆ గుంతలు చూస్తే నాకు నిజంగా బాధేసింది. మోకాళ్లు బాగున్న వాళ్లకు ఆరు, లేని వాళ్లకు నాలుగు. వానకాలంలో మాత్రం ఏ వాగు ఒడ్డుకూ నడకకు పోవద్దు. 2023 జులై 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఎలా మునిగిందో మనందరం చూశాం. ఊరినే ముంచిన వాగుకు ఒడ్డున నడిచే మనిషి ఒక లెక్క కాదు.

మూడోది కాళేశ్వరం. వరంగల్ నుంచి వంద కిలోమీటర్ల పైన, తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరాం. ముందు దర్శనం చేసుకున్నాం. ఇక్కడ ఒకే పానవట్టం మీద రెండు లింగాలుంటాయి, కాళేశ్వరుడు, ముక్తేశ్వరుడు. తర్వాత ఘాట్ దిగి ఇసుకలోకి వెళ్లాం. ఘాట్ మెట్లు దిగడానికి చిన్నమ్మ నా భుజం పట్టుకుంది. వార్ధా, వైన్‌గంగ కలిసిన ప్రాణహిత వచ్చి ఇక్కడే గోదావరిలో కలుస్తుంది. అవతలి ఒడ్డు మహారాష్ట్ర. అంత వెడల్పైన చోట ఇసుక మీద నడుస్తుంటే ఎంత దూరం వచ్చామో తెలియదు, వెనక్కి తిరిగి చూస్తే ఘాట్ మీద మనుషులు చీమల్లా ఉన్నారు.

అయితే పొడి ఇసుకలో కాలు దిగబడుతుంది. పిక్కలు లాగేస్తాయి, కిలోమీటరు నడిస్తే మూడు నడిచినట్టు. తడిసి గట్టిపడిన ఇసుక మీద నడక తేలికే, కానీ నీళ్ల అంచున గుంతలు ఎక్కడుంటాయో పైకి కనపడవు. స్థానికులు నడిచే దారి చూసి ఆ దారినే పోండి. చూడటానికైతే పదికి తొమ్మిది, మోకాళ్లకు ఐదు.

బరువైన ట్రెకింగ్ షూస్ ఏ చోటకూ అక్కర్లేదు, పట్టు ఉన్న మామూలు స్పోర్ట్స్ షూస్ చాలు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టోపీ, చేతికర్ర. కర్ర గడ్డిలో ముందు తడుముకోవడానికి పనికొస్తుంది, కట్టల మీద రక్తపింజర్లు ఉంటాయి. తినడానికి మేం సర్వపిండి తీసుకెళ్లాం, పొద్దున చేసింది మధ్యాహ్నం దాకా బాగుంటుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి టైం.

మూడింట్లో మళ్లీ ఎక్కడికి పోదామంటే చిన్నమ్మ వెంటనే "కాలువ కట్టకే" అంది. బతుకమ్మ ముందు రావాలట. కట్ట పక్కన తంగేడు చెట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో నడుస్తూ లెక్క పెట్టుకుందట, పదకొండు ఉన్నాయట. గునుగు ఏ చేను గట్టున పూస్తుందో కల్లం దగ్గర అక్కల్ని అడిగి పెట్టుకుంది. అప్పుడు పూలు కోసుకుంటూ నడిచిన వీడియో పెడతాను.