వినపడకపోతే బీపీ చూడలేరా?

అందరికీ నమస్కారం. నర్సింగ్, ఫిజియోథెరపీ, సోషల్ వర్క్ పాఠాలు చెప్పేవాళ్లూ, వార్డుల్లో పిల్లలకి దగ్గరుండి పని నేర్పేవాళ్లూ ఈ హాల్లో ఉన్నారు. అందుకే, వైకల్యమో అనారోగ్యమో ఉన్న విద్యార్థులకి పని నేర్పడం గురించి, నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను.

చాలా ఏళ్ల కిందట, ప్రాక్టికల్ పరీక్షలో ఒకమ్మాయి బీపీ చూస్తోంది. కఫ్ సరిగ్గా చుట్టింది. పేషెంటు చెయ్యి గుండె ఎత్తులో పెట్టించింది. గాలి నెమ్మదిగా వదిలింది. రీడింగ్ మాత్రం చెప్పలేకపోయింది. రెండోసారీ అంతే. సున్నా వేసి పంపించేశాను. ఆ అమ్మాయికి వినికిడి తక్కువని, చెబితే సీటు పోతుందేమోనని దాచిందని తర్వాత తెలిసింది. హియరింగ్ ఎయిడ్ తీస్తేగానీ మామూలు స్టెతస్కోప్ చెవిలో పెట్టుకోలేదు. తీస్తే ఏమీ వినపడదు. అదీ సంగతి.

బీపీని చెవితో విని చెప్పడమనేది 1905లో రష్యన్ డాక్టర్ కొరొట్‌కోవ్ చూపించిన పద్ధతి. అంతకుముందు, 1896లో ఇటలీ డాక్టర్ రివా-రొచ్చి కఫ్ తయారుచేసినప్పుడు, నాడి మీద వేలు పెట్టి చూసేవారు. వేలితో పై అంకె ఒక్కటే తెలుస్తుంది కాబట్టి అది చాలదు, ఒప్పుకుంటాను. కానీ ఇప్పుడు శబ్దాన్ని పెంచే ఎలక్ట్రానిక్ స్టెతస్కోపులు ఉన్నాయి. శబ్దాన్ని తెర మీద గీతలుగా చూపించేవీ ఉన్నాయి. ఈ చరిత్రంతా క్లాసులో చెప్పేదాన్ని నేనే! పేషెంటుకి కావలసింది సరైన అంకె. అది చెవిలోంచి వచ్చిందా, కంట్లోంచి వచ్చిందా అని ఆయన అడగడు.

2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక ఇంకో అడుగు ముందుకు వేసింది. సంస్థ మీద మోయలేని భారం పడనప్పుడు, తగిన సర్దుబాటు, అంటే ఆ మనిషికి అవసరమైన మార్పు, ఇవ్వకపోవడమే వివక్ష అంటుంది. అలా చూస్తే ఆ రోజు ఫెయిలైంది ఎవరో మీకే తెలుస్తుంది.

సర్దుబాట్లు ఇస్తూపోతే ప్రమాణాలు పడిపోవా అని ప్రతి మీటింగులోనూ ఎవరో ఒకరు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. డిస్‌లెక్సియా, అంటే అక్షరాలు చదవడంలో ఇబ్బంది ఉన్న విద్యార్థికి ఆస్కీ పరీక్షలో (ఒక్కో స్టేషన్‌లో ఒక్కో పని చేసి చూపించే ప్రాక్టికల్ పరీక్ష) స్టేషన్ బయట అంటించిన సూచనలు చదవడానికి అదనపు సమయం ఇవ్వొచ్చు. ఆ సమయం పేషెంటుది కాదు. అదే విద్యార్థి సీపీఆర్ చేసేటప్పుడు ఛాతీ మీద నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాల్సిందే, అక్కడ ఎవరికీ సడలింపు ఉండదు. ఏది సడలించొచ్చో ఏది కూడదో మనం ముందే కాగితం మీద రాసుకోం. పరీక్ష రోజు టెన్షన్‌లో నిర్ణయిస్తాం. గొడవంతా అక్కడే.

సోషల్ వర్క్ పిల్లల్లో కొందరికి ఇంటి సందర్శన తర్వాత నోట్స్ రాయడం నరకం. నోటితో చెబితే టైప్ చేసే సాఫ్ట్‌వేర్ ఇస్తే సరిపోతుంది. అయితే అది సంస్థ ఇచ్చినదై ఉండాలి. ఒక కుటుంబం గుట్టంతా సొంత ఫోన్‌లో రికార్డు చేసుకుంటానంటే కుదరదు.

ఇక ‘ఫిట్‌నెస్ టు స్టడీ’. అంటే, ప్రస్తుతం చదువు కొనసాగించే స్థితిలో ఉన్నారా అని చూడటం. దీన్ని క్రమశిక్షణ చర్యతో కలిపేస్తున్నాం. నిద్రలేక, డిప్రెషన్‌తో డ్యూటీకి ఆలస్యంగా వస్తున్న పిల్లాడికి మెమో ఇస్తే వాడు ఇంకా దాక్కుంటాడు. ముందు కూర్చోబెట్టి మాట్లాడాలి. షిఫ్టులు మార్చి చూడాలి. మూర్ఛ ఉన్నవాళ్లకి నిద్ర చెడితే ఫిట్స్ రావచ్చు కాబట్టి, నైట్ డ్యూటీ విషయంలో వాళ్ల డాక్టర్ మాట వినాలి. ఇవన్నీ చేశాక కూడా పేషెంటుకి గానీ ఆ విద్యార్థికి గానీ ప్రమాదం ఉందనిపిస్తే, అప్పుడు సెలవు గురించి మాట్లాడాలి. మనం తరచూ సెలవుతోనే మొదలుపెడతాం. పైగా వెళ్లే తేదీ రాస్తాం, తిరిగొచ్చే దారి రాయం. ఏ పోస్టింగ్ గంటలు మిగిలాయి, ఎవరిని కలవాలి, మొదటి రెండు వారాలు ఎంత పని అన్నది లేకుండా పంపితే అది సెలవు కాదు, సాగనంపడం.

గోప్యత సంగతి కూడా ఒక్క మాట. వార్డు ఇన్‌చార్జ్‌కి జబ్బు పేరు అక్కర్లేదు. ‘హ్యాండోవర్ (డ్యూటీ మారేటప్పుడు పేషెంట్ల వివరాలు అప్పగించడం) నోటితో చెప్పడంతో పాటు రాసి కూడా ఇవ్వండి’ అంటే చాలు.

మా దగ్గర ఇప్పుడు పోస్టింగుకి ముందు అందరికీ ఒక కాగితం ఇస్తున్నాం. అందులో ఒకటే ప్రశ్న: ‘ఈ పని బాగా చేయడానికి మీకు ఏమైనా కావాలా?’ మొదటిసారి దాదాపు అన్నీ ఖాళీగా వచ్చాయి. కారణం అడిగితే, కాగితం ఎవరి చేతికి వెళ్తుందో అందులో రాయలేదు కదా మేడమ్ అన్నారు. నిజమే, రాయలేదు. ఇప్పుడు రాశాం. దాని నమూనా బయట టేబుల్ మీద ఉంది. టీ తాగుతూ చదివి, తప్పులుంటే ఇవాళే చెప్పండి. వచ్చే బ్యాచ్‌కి అదే ఇవ్వబోతున్నాం.