ఎన్ని రోజుల ముందు వెళ్లాలి?

అందరికీ నమస్కారం. విదేశంలో మెడికల్ సీటు వచ్చింది, ఫీజు కట్టేశారు. ఇప్పుడు ఇంట్లో నడుస్తున్న గొడవ ఒకటే: ఎప్పుడు బయల్దేరాలి? అమ్మానాన్నలు ఇంకో వారం ఉండమంటారు, పిల్లలు రేపే విమానం ఎక్కేస్తామంటారు. ఇద్దరూ కాసేపు ఆగి అడ్మిషన్ లెటర్ తీసి చూడండి.

క్లాసులు మొదలయ్యే తేదీ నుంచి లెక్క వేయకండి, ఓరియంటేషన్ (కొత్త విద్యార్థులకు కాలేజీని పరిచయం చేసే కార్యక్రమం) తేదీ నుంచి వేయండి. ఐడీ కార్డు, ల్యాబ్ నియమాలు, డిసెక్షన్ (శవాన్ని కోసి నేర్చుకునే క్లాసు) బ్యాచ్‌లు, టీకాల కాగితాల తనిఖీ చాలా చోట్ల అప్పుడే అయిపోతాయి. అది తప్పితే మొదటి నెలంతా ఆఫీసుల చుట్టూ తిరగడమే.

మరీ ముందు వెళ్దామన్నా దేశం ఒప్పుకోవాలి కదా. అమెరికాకు ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద వెళ్లేవాళ్లను, కాలేజీ ఇచ్చే ఐ-20 ఫారంలో ఉన్న ప్రోగ్రాం తేదీకి 30 రోజుల కంటే ముందు రానివ్వరు. బ్రిటన్‌లో 6 నెలలు దాటిన కోర్సులకు నెల ముందు వరకు వెళ్లవచ్చు. కాబట్టి వీసాలో తేదీ చూడకుండా టికెట్ కొనకండి.

నన్నడిగితే ఓరియంటేషన్‌కి 10 నుంచి 14 రోజుల ముందు దిగితే చాలు. అందులో కొన్ని రోజులు నిద్రకే పోతాయి. మన ఒంట్లోని గడియారం సుమారుగా రోజుకో గంట చొప్పున సర్దుకుంటుంది. పడమరకు వెళ్తే కొంత సులువు, తూర్పుకు వెళ్తే కష్టం. పగటి వెలుతురులో తిరిగితే త్వరగా దారిలో పడతారు. మధ్యాహ్నం కర్టెన్లు వేసుకుని పడుకుంటే అంతే సంగతులు.

అసలు టైమ్ తినేది ఆరోగ్య పరీక్షలు. మెడికల్ స్టూడెంట్ అంటే రేపు రోగుల దగ్గరికి వెళ్లే మనిషి, అందుకే ఇక్కడ పట్టింపు ఎక్కువ. హెపటైటిస్-బి టీకా మామూలు పద్ధతిలో మూడు డోసులు: మొదటిది, నెలకి రెండోది, 6 నెలలకి మూడోది. అదయ్యాక నెల, రెండు నెలలకి రక్తపరీక్షలో ఆంటీబాడీలు (రోగాన్ని ఎదిరించే ప్రొటీన్లు) మిల్లీలీటరుకు కనీసం 10 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లు ఉండాలి. అంటే ఈ పని విమానం ఎక్కడానికి ఏడెనిమిది నెలల ముందే మొదలవ్వాలి, అక్కడ దిగాక కాదు. చికెన్‌పాక్స్ టీకా రెండు డోసుల మధ్య కూడా పెద్దవాళ్లకి కనీసం 4 వారాలు కావాలి.

టీబీ చర్మ పరీక్ష సంగతి వేరే. ముంజేతి చర్మం పొరలోకే చిన్న సూది వేస్తారు, అక్కడ చిన్న బొబ్బలా లేస్తుంది. 48 నుంచి 72 గంటల మధ్య మళ్లీ వెళ్తే నర్సు ఆ గట్టిపడిన వాపును స్కేలు పెట్టి కొలుస్తుంది. ఎరుపును లెక్కలోకి తీసుకోదు. గురువారం సూది వేయించుకుంటే చూడాల్సిన టైమ్ శని, ఆదివారాలు. క్లినిక్ మూసి ఉంటే పరీక్ష మళ్లీ మొదటికొస్తుంది. పైగా ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) వంటి లైవ్ వ్యాక్సిన్, అంటే బలహీనపరిచిన బతికున్న క్రిములతో చేసిన టీకా, వేయించుకుని ఉంటే, అదే రోజు ఈ పరీక్ష కూడా అయి ఉండాలి, లేదంటే 4 వారాలు ఆగాలి. చిన్నప్పుడు బీసీజీ (టీబీ టీకా) వేయించుకున్నవాళ్లకి ఒక్కోసారి లేని టీబీ ఉన్నట్టు చూపిస్తుంది కాబట్టి, దీని బదులు టీబీ రక్తపరీక్ష సరిపోతుందా అని కాలేజీని ముందే అడగండి. ఈ గొడవంతా చూశాకే నేను శుక్రవారం దిగకండి, సోమవారమో మంగళవారమో దిగండి అని చెబుతుంటాను. బ్యాంకు ఖాతా, అడ్రస్ రిజిస్ట్రేషన్‌కి కూడా అదే మంచిది.

నెల ముందే వెళ్లి అనాటమీ (శరీర నిర్మాణ శాస్త్రం) చదివేస్తాం అనేవాళ్లుంటారు. వద్దు. ఖాళీ హాస్టల్లో ఒక్కళ్లే ఉంటే దిగులు, ఖర్చు తప్ప ఒరిగేదేం లేదు. చదువు ఎలాగూ మొదటి వారం నుంచే మీద పడుతుంది. పాఠాలు స్థానిక భాషలో ఉంటే మాత్రం వేరు, కానీ ఆ భాష కూడా రెండు వారాల్లో వచ్చేది కాదు.

హాస్టల్ ఎప్పుడు తెరుస్తారో టికెట్ కొనకముందే మెయిల్ పెట్టి కనుక్కోండి. కొన్ని చోట్ల ముందు వచ్చేవాళ్లకి గది ఇస్తారు, అడిగితేనే. వీసా ఆలస్యమైతే టెన్షన్ పడుతూ కూర్చోకుండా, ఏ తేదీ దాటితే చేర్చుకోరో కాలేజీతో రాతపూర్వకంగా చెప్పించుకోండి. ఇక ప్రశ్నలడగండి. వీసా ఇంకా రానివాళ్లు ముందు అడగండి.